ప్రాక్సీ ప్రామాణిక పరీక్షలు: ప్రాజెక్టు డైరీ

పరీక్షకు పెట్టింది కాష్ (వచ్చిన జవాబులను దాచుకుని మళ్లీ ఇచ్చే చోటు) ఉన్న ఫార్వర్డ్ ప్రాక్సీ, అంటే క్లయింటు తరఫున అసలు సర్వర్‌ను అడిగి జవాబు తెచ్చిచ్చే మధ్యవర్తి. హెచ్‌టీటీపీ 1.1 ప్రామాణికాలు చెప్పినట్టు నడుస్తోందో లేదో తేల్చాలి. ముందు పెట్టుకున్న పత్రాలు మూడు: మెథడ్‌లు (గెట్, పోస్ట్ లాంటి ఆదేశాలు), హెడర్ల (సందేశం మొదట్లో వచ్చే 'పేరు: విలువ' వరుసలు) అర్థాలకు ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రామాణిక పత్రం) 9110, కాష్‌కు 9111, తీగ మీద బైట్లు ఎలా ఉండాలో చెప్పే 9112. మూడూ 2022 జూన్‌లో వచ్చినవే.

1999 నాటి 2616 మీద తయారైన పాత చెక్‌లిస్టు ఒకటి వారసత్వంగా దొరికింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడితే మంచి ప్రాక్సీ కూడా ఫెయిలవుతుంది. ఒక సర్వర్‌కు రెండు కనెక్షన్లకు మించొద్దన్న సలహా 2014లోనే పోయింది. వార్నింగ్ హెడర్ 9111తో రద్దయింది. హెడర్ పేరుకూ కోలన్‌కూ మధ్య ఖాళీని 2616 వ్యాకరణం చూసీచూడనట్టు వదిలేసేది, ఇప్పుడు అది నిషిద్ధం. అందుకే పాత లిస్టులోంచి కేసు పేర్లు మాత్రమే తీసుకుని, ఆశించే ఫలితాలన్నీ కొత్తగా రాసుకున్నాం. కాష్ వరకు మార్క్ నాటింగ్‌హామ్ నడిపే కాష్ టెస్టుల సైటు పోల్చి చూసుకోవడానికి బాగుంటుంది. బైట్ల స్థాయి పరీక్షలకు మాత్రం సొంత బెంచ్ కట్టుకోవడమే మేలు.

1వ రోజు: బెంచ్

ముక్కలు మూడు. ఒక వైపు క్లయింటు స్క్రిప్టు, మధ్యలో 3128 పోర్టులో ప్రాక్సీ, అవతల 8081లో ఆరిజిన్ (అసలు సర్వర్) స్క్రిప్టు. రెండు స్క్రిప్టులూ పైథాన్‌లో, ఉత్త సాకెట్ల మీద. హెచ్‌టీటీపీ లైబ్రరీని దగ్గరకు రానివ్వలేదు, కర్ల్ అనే కమాండు పనిముట్టును కూడా. లైబ్రరీలు మర్యాదస్తులు. మనం కావాలని పంపిన తప్పును అవి సరిదిద్దేసి పంపిస్తాయి, లేదా అసలు పంపనివ్వవు. వచ్చిన జవాబులోని తప్పును కూడా సర్దేసి చూపిస్తాయి. పరీక్షకు కావలసింది సరిగ్గా ఆ తప్పే.

ప్రతి కేసుకు నాలుగు ఫైళ్లు పడతాయి: క్లయింటు పంపినది, ఆరిజిన్‌కు చేరినది, ఆరిజిన్ పంపినది, క్లయింటుకు చేరినది. ప్రతి రాతకూ టైమ్‌స్టాంపు ఉంటుంది. ఎవరి మాట నిజమో తేలనప్పుడు సాక్ష్యానికి లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునే నెట్‌వర్క్) మీద ప్యాకెట్లను రికార్డు చేసే టీసీపీడంప్ నడుస్తూ ఉంటుంది. యూఆర్‌ఎల్‌లో కేసు నంబరు, రన్ నంబరు రెండూ పెట్టాలి. లేకపోతే నిన్నటి రన్‌లో కాష్ అయిన జవాబు ఇవాళ్టి కేసుకు వచ్చి కూర్చుంటుంది.

మొదటి రన్‌లో తప్పుడు హెడర్ల కేసులన్నీ పాస్ అని చూపించాయి. సంతోషించాల్సింది పోయి అనుమానం వచ్చింది. ఆరిజిన్ లాగ్ తెరిస్తే ఖాళీ. లోకల్‌హోస్ట్‌కు వెళ్లే రిక్వెస్టులన్నిటినీ ప్రాక్సీ కాన్ఫిగ్ నిరోధిస్తోంది. ప్రతి దానికీ 403 (అనుమతి లేదు) వస్తోంది. మన స్క్రిప్టు '400ల్లో ఏదైనా వస్తే తిరస్కరించినట్టే' అనుకుని పాస్ వేసుకుంటూ పోయింది. స్క్విడ్ లాంటి ప్రాక్సీల కాన్ఫిగ్‌లోనూ ఈ లోకల్‌హోస్ట్ నిషేధం నియమం ఉంటుంది, దాన్ని సడలించి గానీ పరీక్ష మొదలుపెట్టకూడదు.

అప్పటి నుంచి రెండు కట్టుబాట్లు. తిరస్కరణ ఆశించే ప్రతి కేసుకూ జోడీగా ఒక శుభ్రమైన రిక్వెస్టు వెళ్తుంది, అది ఆరిజిన్‌కు చేరి 200 (సరే) తెస్తేనే జోడీలో రెండోదానికి తీర్పు. ఇక 'ఏదో ఒక ఎర్రర్' అన్న మాట ఏ కేసులోనూ ఉండకూడదు, కోడ్ 400 (రిక్వెస్టు తప్పు) అంటే 400.

2వ రోజు: ఎవరికి చెప్పిన రూల్?

ఆర్‌ఎఫ్‌సీ వాక్యంలో 'మస్ట్' (తప్పనిసరి) కనపడగానే కేసు రాసేయకూడదు. ఆ వాక్యానికి కర్త ఎవరో చూడాలి: పంపేవాడా, అందుకునేవాడా, సర్వరా, ప్రాక్సీయా, కాషా? ప్రాక్సీ ఒకే సమయంలో క్లయింటుకు సర్వర్, ఆరిజిన్‌కు క్లయింటు. కాబట్టి ఒకే తప్పుకు దిక్కును బట్టి రెండు వేర్వేరు సరైన జవాబులు ఉండొచ్చు.

కోలన్ ముందు ఖాళీ దీనికి మంచి ఉదాహరణ. క్లయింటు రిక్వెస్టులో 'కంటెంట్-లెంగ్త్ : 5' (బాడీ ఎన్ని బైట్లో చెప్పే హెడర్) అని వస్తే 400 చెప్పి తిప్పి పంపాలి. అదే ఖాళీ ఆరిజిన్ జవాబులో వస్తే ప్రాక్సీ దాన్ని తీసేసి ముందుకు పంపాలి. మడత పెట్టి రెండో వరుసలోకి సాగదీసిన పాతకాలపు హెడర్‌దీ ఇదే తంతు. రిక్వెస్టులో అయితే 400, లేదా మడతను ఖాళీగా మార్చడం. జవాబులో అయితే 502 (ఆరిజిన్ ఇచ్చింది చెల్లని జవాబు), లేదా మళ్లీ ఖాళీగా మార్చడం. ఇలా దిక్కు కాలమ్ పెట్టగానే లిస్టు ఇంచుమించు రెట్టింపయింది.

తీర్పులు నాలుగు: పాస్, ఫెయిల్, వర్తించదు, తీర్పు లేదు. చివరిదే అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. పరీక్షకు ముందు జరగాల్సింది జరగకపోతే (కాష్‌లో పడాల్సిన జవాబు పడకపోతే, కనెక్షన్ ముందే తెగితే) అది ఫెయిల్ కాదు.

3వ రోజు: గడప దాటకూడని హెడర్లు

కనెక్షన్ హెడర్‌లో ఏ పేరు కనిపిస్తే ఆ పేరున్న హెడర్ ఆ ఒక్క మజిలీకే చెందుతుంది. ప్రాక్సీ రెండిటినీ తీసేసి గానీ ముందుకు పంపకూడదు. 'కనెక్షన్: ఎక్స్-గుర్తు' అని ఒకటి, 'ఎక్స్-గుర్తు: 1' అని ఒకటి పంపి, ఆరిజిన్‌కు చేరిన ఫైల్లో 'గుర్తు' కోసం వెతకడమే. మామూలు రూపం సులువుగా పాసయింది. కనెక్షన్ హెడర్‌ను రెండు వేర్వేరు వరుసలుగా పంపినప్పుడు రెండో వరుసలోని పేరు దాటిపోయింది. మొదటి వరుస మాత్రమే చదివే కోడ్‌కు ఇది పాత జబ్బు. అందుకే ఒక్క రూలుకు ఐదు రూపాలు: అక్షరాల సైజు మార్చి, కామాల మధ్య ఖాళీ పెట్టి, కామా తర్వాత ఏమీ లేకుండా, రెండు వరుసలుగా, జవాబు దిక్కులో.

తెలియని హెడర్లను మాత్రం కనెక్షన్‌లో పేరు లేనంత వరకు తప్పనిసరిగా దాటించాలి. రెండూ పక్కపక్కన పరీక్షించకపోతే, ఎక్స్‌తో మొదలయ్యేవన్నీ మింగేసే ప్రాక్సీ మొదటి పరీక్షలో పాసైపోతుంది.

వయా హెడర్ (సందేశం ఏ మధ్యవర్తుల మీదుగా వచ్చిందో చెప్పేది) రెండు దిక్కుల్లోనూ చేర్చాలి. అందులో రాయాల్సింది తాను అందుకున్న వెర్షన్, రిక్వెస్టు లైనులో రాయాల్సింది తన సొంత వెర్షన్. హెచ్‌టీటీపీ 1.0 క్లయింటుతో పరీక్షిస్తే రెండూ ఒకేసారి తేలతాయి: ఆరిజిన్‌కు 1.1 రిక్వెస్టు రావాలి, వయాలో 1.0 ఉండాలి. అదే కేసులో ఆరిజిన్ చంక్డ్ (ప్రతి ముక్కకు ముందు దాని సైజు రాసి, సున్నా సైజు ముక్కతో ముగించే) జవాబిస్తే క్లయింటుకు చంకులు వెళ్లకూడదు, విప్పి పంపి కనెక్షన్ మూసేయాలి.

హోస్ట్ కేసు చిన్నది. రిక్వెస్టు లైనులో పూర్తి యూఆర్‌ఎల్ ఒక చోటు చెప్పి, హోస్ట్ హెడర్ ఇంకో చోటు చెబితే, లైనులోదే చెల్లుతుంది. వచ్చిన హోస్ట్‌ను పారేసి కొత్తది రాయాలి. పాస్.

మ్యాక్స్-ఫార్వర్డ్స్ హెడర్‌కు (ఇంకా ఎన్ని మజిలీలు దాటొచ్చో చెప్పేది) 0, 1, 5 విలువలతో ట్రేస్, ఆప్షన్స్ మెథడ్‌లు పంపాం. 0 అయితే ప్రాక్సీయే జవాబివ్వాలి, మిగతావాటిలో ఒకటి తగ్గించి పంపాలి. ఇక్కడ ఒక ఫెయిల్ కొట్టేయాల్సి వచ్చింది: పాత లిస్టులో గెట్‌కు కూడా 0తో కేసు ఉంది. గెట్‌లో ఆ హెడర్‌ను పట్టించుకోకపోవడం తప్పేమీ కాదు.

4, 5 రోజులు: సందేశం ఎక్కడ ముగుస్తుంది

సమయం ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. ప్రాక్సీ ఒక చోట ముగిసిందనుకుని, ఆరిజిన్ ఇంకో చోట ముగిసిందనుకుంటే మధ్యలో మిగిలిన బైట్లు తర్వాతి వాళ్ల రిక్వెస్టులో భాగమైపోతాయి. రిక్వెస్ట్ స్మగ్లింగ్ అనేది ఇదే. 2005 నుంచీ తెలిసిన సంగతే అయినా ఇప్పటికీ తగ్గలేదు.

మూల కేసు ఇది:

పోస్ట్ హెచ్‌టీటీపీ://127.0.0.1:8081/కే-041 హెచ్‌టీటీపీ/1.1
హోస్ట్: 127.0.0.1:8081
కంటెంట్-లెంగ్త్: 6
ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్: చంక్డ్

0

జీ

ఖాళీ లైను తర్వాత బైట్లు లెక్కపెట్టండి. సున్నా ఒకటి, లైన్ చివర రెండు, ఖాళీ లైనుకు రెండు, మొత్తం ఐదు. చంక్డ్ లెక్కన సందేశం అక్కడితో సరి. లెంగ్త్ లెక్కన ఇంకో బైటు ఉంది, అదే జీ అక్షరం (తీగ మీద ఒక్క బైటే, ఆంగ్ల అక్షరం). ఆ జీ కనెక్షన్‌లో మిగిలితే, తర్వాత వచ్చే గెట్ కాస్తా 'జీగెట్' అయి, ఆరిజిన్ నుంచి వింత మెథడ్ ఎర్రర్ వస్తుంది. ఎరగా జీ వాడటం అందుకే, మిగిలిందంటే చప్పున కనబడుతుంది.

ప్రాక్సీ 400 ఇవ్వొచ్చు. లేదా చంక్డ్‌నే నమ్మి, వచ్చిన లెంగ్త్‌ను తీసేసి పంపొచ్చు. ఏది చేసినా జవాబిచ్చాక క్లయింటు కనెక్షన్ మూసేయాలి. మా ఆరిజిన్‌కు 'కంటెంట్-లెంగ్త్: 0' వచ్చింది, స్క్రిప్టు ఫెయిల్ వేసింది. స్క్రిప్టుదే తప్పు. ప్రాక్సీ చంకులు విప్పి, తాను లెక్కపెట్టిన లెంగ్త్ పంపింది, అది చేయవచ్చు. చూడాల్సింది లెంగ్త్ ఉందా లేదా అని కాదు, క్లయింటు చెప్పిన 6 దాటిందా అని. కేసు దిద్దాక పాస్. కానీ క్లయింటు కనెక్షన్ తెరిచే ఉంచింది, అది మాత్రం నిజమైన ఫెయిల్.

లెంగ్త్ విలువలతో ఇంకొన్ని: '5' ఒకసారి, '6' ఒకసారి ఉంటే రిక్వెస్టుకు 400. జవాబులో ఉంటే ఆరిజిన్ కనెక్షన్ మూసి క్లయింటుకు 502. '5, 5' అయితే ఒకటిగా చేసుకోవచ్చు, తిరస్కరించనూ వచ్చు. '+5', '-0', '5_0' అన్నీ చెల్లనివే.

ఇక్కడ ఆరిజిన్ స్క్రిప్టే బోర్లా పడింది. పైథాన్‌లో సంఖ్యగా మార్చే ఫంక్షన్ '+5'ను 5గా, '5_0'ను 50గా హాయిగా తీసుకుంటుంది. అంతెందుకు, తెలుగు అంకె ౫ ఇచ్చినా 5 అంటుంది. హెడర్‌ను యూటీఎఫ్-8గా విప్పి అప్పజెబితే దానికి ఏ అభ్యంతరమూ ఉండదు. అందుకని బెంచ్‌లో విలువలను స్ట్రింగుగా మార్చడం మానేశాం. బైటు విలువ 48 నుంచి 57 మధ్య లేకపోతే అంకె కాదు, అంతే.

చంక్ సైజు హెక్సాలో రాస్తారు. 1 తర్వాత 16 సున్నాలు పెడితే అది సరిగ్గా 2కు 64వ ఘాతం. 64 బిట్ల లెక్కలో ఇది పొంగి సున్నాకు తిరిగొస్తుంది, అంటే ఆఖరి చంక్ అయిపోతుంది! తర్వాత వచ్చే బైట్లన్నీ కొత్త రిక్వెస్టు. ప్రామాణికం ఈ పొంగును ముందే ఊహించి అడ్డుకోమంటుంది. ఈ ప్రాక్సీ 400 ఇచ్చింది, పాస్. 32 బిట్లకు అదే ఉపాయం 1 తర్వాత 8 సున్నాలతో.

ఇక సగంలో తెగిన జవాబు. ఆరిజిన్ చంక్ సైజు 10 అని చెప్పి (హెక్సా కాబట్టి 16 బైట్లు) 4 బైట్లు పంపి మూసేస్తుంది. ప్రాక్సీ ఆ 4 బైట్లూ ఇవ్వొచ్చు, కానీ చివర సున్నా చంక్ తనంతట తాను పెట్టకూడదు. పెడితే క్లయింటు అది పూర్తి జవాబనుకుంటుంది. ఈ ప్రాక్సీ పెట్టింది. అదే యూఆర్‌ఎల్ రెండోసారి అడిగితే ఆ 4 బైట్లనే కాష్‌లోంచి పూర్తి 200గా ఇచ్చింది. ఇది లిస్టులో అన్నిటికన్నా పైన చేరింది. మిగతా బగ్గులు ఒకరికి ఇబ్బంది, ఇది కాష్ గడువు తీరే దాకా అందరికీ ఇబ్బంది.

మధ్యలో ఒక అరపూట వృథా అయిన చోటు: పోస్ట్ కేసుల్లో అప్పుడప్పుడు, పది రన్‌లలో ఒకటో రెండో సార్లు, ఆరిజిన్ ఇచ్చిన జవాబు బదులు 502 వచ్చేది. ప్రాక్సీ అస్థిరంగా ఉందని రాసేయబోయి టీసీపీడంప్ చూశాం. ఆరిజిన్ నుంచి మామూలు ముగింపు కాకుండా రీసెట్ వెళ్తోంది. లినక్స్‌లో చదవని డేటా బఫర్‌లో ఉండగా సాకెట్ మూస్తే కెర్నల్ రీసెట్ పంపుతుంది. అది చేరితే ప్రాక్సీ ఇంకా చదవని జవాబు కూడా గాలికి పోతుంది. ఆరిజిన్ స్క్రిప్టు బాడీ మొత్తం చదవకుండానే మూసేస్తోంది. మందు: ముందు రాసే వైపు మాత్రమే మూయడం, అవతలి నుంచి వచ్చేది ఆఖరు దాకా చదవడం, ఆ తర్వాత పూర్తిగా మూయడం. తర్వాత ఆ 502 మళ్లీ రాలేదు.

6వ రోజు: 100లు, మళ్లీ ప్రయత్నాలు

తొందరగా అయిపోయింది. 'ఎక్స్‌పెక్ట్: 100-కంటిన్యూ'తో (బాడీ పంపనా అని ముందే అడిగే హెడర్) హెడర్లు మాత్రం పంపి, బాడీ ఆపి, ఆరిజిన్ నుంచి 100, తర్వాత 103 (రెండూ మధ్యంతర జవాబులు), చివరికి 200. మూడూ అదే వరసలో క్లయింటుకు రావాలి. 1.0 క్లయింటుకు మాత్రం 200 ఒక్కటే. పాస్.

మళ్లీ ప్రయత్నాల కేసుకు ఆరిజిన్ రెండో రిక్వెస్టు అందుకున్న వెంటనే, ఏమీ చెప్పకుండా పాత కనెక్షన్ తెంపేస్తుంది. గెట్ అయితే ప్రాక్సీ కొత్త కనెక్షన్ మీద మళ్లీ పంపొచ్చు, కాబట్టి ఆరిజిన్ లాగ్‌లో రెండు కనబడినా ఫర్వాలేదు. పోస్ట్ అయితే తనంతట తాను మళ్లీ పంపకూడదు, లాగ్‌లో ఒక్కటే ఉండాలి. ఎన్నిసార్లు పంపిందన్న లెక్క ఆరిజిన్ వైపే తేలుతుంది.

7, 8 రోజులు: కాష్

కాష్ పరీక్షల్లో మొదట మింగుడుపడనిది ఏమిటంటే, కాష్ చేయి తీరాలని ప్రాక్సీకి ఎవరూ చెప్పలేదు. తాజా జవాబు చేతిలో ఉండి కూడా ఆరిజిన్‌ను అడిగితే అది తప్పు కాదు. పాతదాన్ని తాజాదిగా ఇస్తేనే తప్పు. అందుకే ప్రతి కేసు ముందు 'మ్యాక్స్-ఏజ్=3600'తో (3600 సెకన్ల దాకా తాజా అని అర్థం) ఒక మామూలు జవాబు కాష్‌లోంచి వస్తోందని నిరూపించుకోవాలి. రాకపోతే తీర్పు లేదు.

గంటలు ఎదురుచూడనక్కర్లేదు. ఆరిజిన్ 'మ్యాక్స్-ఏజ్=3600'తో పాటు 'ఏజ్: 3590' (అప్పటికే వయసు 3590 సెకన్లు) కూడా పంపితే పది సెకన్లలో గడువు తీరుతుంది. పన్నెండో సెకనులో అడిగితే ఆరిజిన్‌కు రిక్వెస్టు రావాలి.

ఏజ్ లెక్కను ఒక కేసులో కుదించాం. ఆరిజిన్ జవాబుకు 4 సెకన్లు తీసుకుంటుంది, 'ఏజ్: 10' అంటుంది, డేట్ హెడర్ ప్రాక్సీకి చేరే సమయానికి 30 సెకన్లు పాతది. ఏజ్ దారిలో 10కి 4 కలిపితే 14. డేట్ దారిలో 30. రెండిటిలో పెద్దది 30 ప్రారంభ వయసు. ఐదు సెకన్ల తర్వాత కాష్‌లోంచి ఇస్తే 'ఏజ్: 35' ఉండాలి. సెకన్ల కిందకు లెక్క లేదు కాబట్టి ఒకటి అటూఇటూ ఒప్పుకున్నాం. ఇక్కడ 15 వస్తే ప్రాక్సీ డేట్‌ను, జవాబు ఆలస్యాన్ని రెండిటినీ వదిలేసిందన్నమాట. 19 వస్తే డేట్‌ను మాత్రమే వదిలేసింది. మాకు 19 వచ్చింది. అంకెలన్నీ వేర్వేరుగా ఎంచుకుంటే ఫెయిల్ ఎక్కడో కూడా అదే చెబుతుంది.

తేదీల రూపాలు మూడు, మూడూ చదవగలగాలి. రెండంకెల సంవత్సరం వచ్చే పాత రూపంలో, ఆ తేదీ యాభై ఏళ్లకు పైగా భవిష్యత్తులో పడితే దాన్ని గతంలోకి తీసుకోవాలి. 'ఎక్స్‌పైర్స్: 0' తేదీయే కాదు, అంటే గడువు తీరిపోయినట్టే. 'మ్యాక్స్-ఏజ్=4294967297' 32 బిట్లలో 1గా మారిపోతుంది. మూడు సెకన్లాగి అడిగితే ఆ సంగతి బయటపడుతుంది, అయితే పై సూత్రం ప్రకారం అది ఫెయిల్ కాదు, గమనిక మాత్రమే.

గడువు చెప్పని జవాబుకు ఊహా గడువు ఎంతన్నది ప్రాక్సీ ఇష్టం. ఆర్‌ఎఫ్‌సీ మామూలుగా వాడేదిగా, చివరిసారి మారినప్పటి నుంచి గడిచిన కాలంలో 10 శాతం ప్రస్తావిస్తుంది, స్క్విడ్ డిఫాల్ట్ కాన్ఫిగ్ 20 శాతం, గరిష్ఠంగా 4320 నిమిషాలు. రెండూ చెల్లుతాయి.

వేరీ (ఏ రిక్వెస్టు హెడర్‌ను బట్టి జవాబు మారుతుందో చెప్పే హెడర్) కేసుకు ఒకే పేజీని తెలుగు కోరుతూ ఒకసారి, హిందీ కోరుతూ ఒకసారి, మళ్లీ తెలుగు కోరుతూ ఒకసారి అడిగాం. రెండోసారి తెలుగు పేజీ వస్తే ఫెయిల్. మూడోసారి ఆరిజిన్‌ను అడిగినా తప్పులేదు. పోస్ట్‌కు 200 వచ్చాక అదే యూఆర్‌ఎల్ గెట్ కాష్‌లోంచి రాకూడదు. ఆరిజిన్ 500 ఇస్తే ఈ రూల్ వర్తించదు, ఆ కేసు పాత లిస్టులో తప్పుగా ఉంది.

మస్ట్-రీవాలిడేట్ (గడువు తీరాక ఆరిజిన్‌ను అడక్కుండా ఇవ్వొద్దనే ఆదేశం) కేసులో గడువు తీరాక ఆరిజిన్‌ను ఆపేసి అడిగాం. ప్రాక్సీ 503 (సేవ అందుబాటులో లేదు) ఇచ్చింది. పాత లిస్టు 504 (ఆరిజిన్ నుంచి సమయానికి జవాబు రాలేదు) తప్ప ఒప్పుకోదు. నిజానికి 2616లోనూ, 2014 నాటి 7234లోనూ 504 తప్పనిసరి. 9111లో తప్పనిసరి ఏమిటంటే పాత జవాబు ఇవ్వకుండా ఏదో ఒక ఎర్రర్ ఇవ్వడం. 504 'షుడ్' (చేయడం మంచిది) స్థాయికి దిగింది. పాస్, పక్కన గమనికతో. ఆరిజిన్‌ను ఆపడం రెండు రకాలుగా చేయాలి: పోర్టు మూసేస్తే వెంటనే నిరాకరణ వస్తుంది, ఫైర్‌వాల్‌తో ప్యాకెట్లు పారేస్తే టైమౌట్ దాకా ఆగాలి. ప్రాక్సీలో ఈ రెండూ వేర్వేరు దారులు.

9వ రోజు: రిపోర్టు

ప్రతి ఫెయిల్‌కు ఒక ఫోల్డరు. అందులో పంపిన బైట్ల ఫైలు, నెట్‌క్యాట్‌తో దాన్ని 3128కి పంపే ఒక లైను కమాండు, నాలుగు దిక్కుల ఫైళ్లు, రూల్ ఉన్న సెక్షన్ నంబరు, దిక్కు. మూడు రన్‌లలో మూడుసార్లూ అదే ఫలితం వస్తేనే ఫెయిల్ అని వెళ్తుంది. డెవలపర్ల నుంచి ఎప్పుడూ వచ్చే మొదటి ప్రశ్న 'మీ స్క్రిప్టు సరిగ్గా ఉందా' అన్నదే. నాలుగు ఫైళ్లూ ఎదురుగా ఉంటే ఆ ప్రశ్నకు జవాబు వాళ్లే చూసుకుంటారు.

పంపిన వరస: తెగిన జవాబుకు సున్నా చంక్ పెట్టి కాష్ చేయడం, రెండో కనెక్షన్ వరుసను వదిలేయడం, లెంగ్త్, చంక్డ్ కలిసి వచ్చినప్పుడు కనెక్షన్ మూయకపోవడం, ఏజ్ లెక్కలో డేట్‌ను వదిలేయడం.

మిగిలినవి: కనెక్ట్ టన్నెల్‌లో (ప్రాక్సీ బైట్లను ఉన్నవి ఉన్నట్టు అటూఇటూ దాటించే దారి) 200తో పాటు కంటెంట్-లెంగ్త్ వెళ్తోందేమో చూడాలి, వెళ్లకూడదు. ముందు వైపు హెచ్‌టీటీపీ 2 ఆన్ చేసి 4, 5 రోజుల కేసులన్నీ మళ్లీ నడపాలి. అక్కడ బాడీ పొడవు ఫ్రేములే చెబుతాయి కాబట్టి, క్లయింటు చెప్పిన కంటెంట్-లెంగ్త్‌కూ డేటా ఫ్రేముల మొత్తానికీ పొంతన కుదరని రిక్వెస్టు మొదటి కేసు. ఆరిజిన్ వైపు 1.1గా మార్చేటప్పుడు ఆ 6 దాటుతుందో లేదో చూడాలి. ఎర అక్షరం మళ్లీ జీ.